తిరుపతి ఎండల్లో బుల్లి ఆర్కిడ్లు కుదురుకున్న వైనం

ఫోన్‌లో చూసి నేను ముచ్చటపడిన బుల్లి ఆర్కిడ్లలో ఎక్కువ భాగం మస్దెవాలియాలు, కోతి ముఖం పూలు పూసే డ్రాకులాలు. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల మీద, మబ్బు పట్టిన అడవుల్లో పెరిగే జాతులవి. రాత్రిళ్లు చల్లగా లేకపోతే తట్టుకోలేవు. మే నెలలో 40 డిగ్రీలు దాటి, అర్ధరాత్రి కూడా గోడలు వేడి కక్కే మా తిరుపతి ఫ్లాట్‌లో వాటికి ప్రత్యేకంగా ఏసీ గది కావాలి. అంత భోగం నాకే లేదు.

అందుకని వేడిని ఓర్చుకునేవి మూడు రకాలు ఎంచుకున్నాను: డెండ్రోబియం లిండ్లేయి, వాండా ఆంపుల్లేసియా, అరచేతిలో పట్టే మినీ ఫెలనాప్సిస్. మొదటి రెండూ మన ఈశాన్య రాష్ట్రాల అడవుల్లో ఉండేవే. నర్సరీలో పెంచినవేనా అని గట్టిగా అడిగి మరీ తెప్పించాను. "తలకోన వైపు పోతే చెట్ల మీద ఊరికే దొరుకుతాయి కదా" అన్నాడు తెలిసినాయన ఒకరు. శేషాచలం అడవిలో మొక్క పీకితే కేసు అవుతుందన్నది ఒక మాట. అడవి చెట్టు నుంచి ఊడబెరికిన మొక్క వేర్లు తెగి, ఇంట్లో కుదురుకోవడం కూడా కష్టమే.

పార్శిల్ విప్పి ముందు వేర్లు చూశాను. వేలితో నొక్కితే గట్టిగా ఉన్నవి బతికినవి, డొల్లగా ఉన్నవి చచ్చినవి. చచ్చినవాటిని మంట మీద కాల్చిన కత్తెరతో తీసేసి, మొక్కల్ని ఒక రోజు నీడలో ఆరనిచ్చాను. వాండాను బొగ్గులు వేసిన చిన్న చెక్క బుట్టలో పెట్టాను. మిగతా రెంటికీ బెరడు గరుకుగా ఉన్న మామిడి కొమ్మలు కావాలని చంద్రగిరి దగ్గర మా పెదనాన్న తోటకు వెళ్లాను. ఆయన నవ్వాడు. "చెట్టుకు బదనిక పడితే మేం కోసి పారేస్తాం. నువ్వు దుడ్లిచ్చి కొన్నావా మే?"

నిజానికి బదనిక వేరు, ఇది వేరు. బదనిక చెట్టు లోపలికి చొచ్చుకుపోయి రసం పీలుస్తుంది. ఆర్కిడ్ బెరడు మీద కూర్చుంటుంది, అంతే. తిండీ నీళ్లూ వానలోంచి, గాలిలోంచి, బెరడు మీద పేరుకున్న చెత్తలోంచి తెచ్చుకుంటుంది. ఇదంతా చెబితే పెదనాన్న నమ్మలేదు గానీ కొమ్మలు మాత్రం కోసిచ్చాడు.

ఆ కొమ్మలకు మొక్కల్ని కట్టడమే అసలు పని. వేర్ల కింద స్ఫాగ్నమ్ మాస్ (తడిని పట్టి ఉంచే ఎండు నాచు) పలచగా పరిచి, మొక్క ఏమాత్రం కదలకుండా బిగించాలి. కదిలితే కొత్త వేరు మొన బెరడుకు రాసుకుని దెబ్బతింటుంది, అక్కడితో ఆ వేరు ఆగిపోతుంది. చాలామంది నైలాన్ దారం వాడతారు. నేను పూలు కట్టే నూలు దారమే నాలుగు పేటలు వేసి చుట్టాను. అది చివికి తెగిపోయే సమయానికి వేర్లు కొమ్మను పట్టేసుకున్నాయి. విప్పే పని కూడా తప్పింది. ఫెలనాప్సిస్‌ను మాత్రం ఆకులు కిందికి వాలేలా కట్టాను. నిటారుగా ఉంటే మొవ్వులో నీళ్లు నిలిచి కుళ్లిపోతుంది.

తర్వాత కొన్ని నెలల పాటు చూడ్డానికి ఏమీ ఉండదు. కొత్త ఆకు రాదు, పాతది ఒకటి పసుపురంగుకు తిరుగుతుంది, మనకు టెన్షన్. ఆకుల సంగతి వదిలేసి వేర్లనే చూడాలి. వేరు చుట్టూ వెలామెన్ అనే స్పాంజి లాంటి పొర ఉంటుంది. ఎండితే వెండి రంగులో, తడిస్తే ఆకుపచ్చగా కనిపిస్తుంది. పచ్చబడేదాకా తడిపి, మళ్లీ తెల్లబడేదాకా ఆగడమే నా లెక్క. కొనలో ఆకుపచ్చ మొన కనబడిందంటే వేరు పెరుగుతున్నట్టే. అప్పుడు లీటరు నీళ్లకు పావు గ్రాము 19-19-19 ఎరువు కలిపి, రెండు వారాలకోసారి పిచికారీ మొదలుపెట్టాను. ఎరువుల కొట్లో కిలో ప్యాకెట్ ఇచ్చాడు. ఈ జన్మకు అయిపోదు.

మా బోరు నీళ్లు ఆకుల మీద ఆరితే తెల్లటి మరకలు పడతాయి. ఆ ఉప్పే వేర్లనూ చంపుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వాన నీళ్లు డ్రమ్ముల్లో పట్టి మూత పెడతాను. అవి అయిపోతే ఫిల్టర్ నీళ్లు వాడతాను, ఫిల్టర్ వదిలేసే నీళ్లు కాదు. వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ.

ఎండాకాలం తూర్పు బాల్కనీకి 75 శాతం ఎండను ఆపే గ్రీన్ నెట్ కట్టి, తడి గోనె సంచులు వేలాడదీశాను. సాయంత్రం నేలంతా తడిపేదాన్ని. ఫెలనాప్సిస్, వాండా పగలు ఆకుల రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి. కాబట్టి రాత్రి వేడి, పొడిగాలి కూడా వాటికి చేటే. తుపాను రోజుల్లో బాధ వేరే రకం: మాస్ ఆరదు, నత్తలు వేరు మొనలు కొరికేస్తాయి. కొమ్మను పట్టుకున్న మొక్కల కింది మాస్ అప్పుడే తీసేశాను.

వానలు ఆగాక లిండ్లేయికి నీళ్లు బాగా తగ్గించాను. దుంపలు, అంటే నీళ్లు దాచుకునే ఉబ్బిన కాడలు, ముడతలు పడ్డాయి. అత్తమ్మ జాలిపడి చెంబుతో పోయబోతే ఆపాల్సి వచ్చింది. ఆ ఎండు విశ్రాంతి లేకపోతే పూత సరిగా రాదు. మార్చి చివర్లో పసుపుపచ్చ గెల వేలాడింది. పూలు రెండు వారాలు కూడా నిలవలేదు. నిలిచిన కాసిన్ని రోజులూ పక్కింటి అక్క రోజూ వచ్చి చూసి, చివరికి ఒక పిలక అడిగింది. విడదీస్తే ఒక్కో ముక్కకు కనీసం మూడు నాలుగు దుంపలైనా ఉండాలి, మా మొక్క ఇంకా అంత గుంపు కట్టలేదు. వచ్చే వానాకాలం దాకా ఆగమన్నాను. ఈలోపు మామిడి కొమ్మ ఒకటి చూసి పెట్టుకోమని కూడా చెప్పాను.