స్టిక్కర్ల పని నాకొద్దు నాన్నా

"స్టిక్కర్లు నువ్వే అంటించుకో నాన్నా. అసలు పని నువ్వు చేసేసి ఎప్పుడూ నాకు అలంకారం వదుల్తావు." పన్నెండేళ్ల పిల్ల ఈ మాట తెలుగులోనే అంది. అదీ వేసవి సెలవుల్లో, అమలాపురం దగ్గర మా అరుగు మీద, వాళ్ల తాతయ్య వింటుండగా. అది తెలుగులో గడగడా పోట్లాడాలని ఇన్నేళ్లూ కోరుకున్నది నేనే కనక, విని ఊరుకోక తప్పలేదు.

విరిగింది రిమోటుతో ఎగిరే మా బొమ్మ విమానం ఎడమ రెక్క. రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్‌కి 1:9 స్కేలు నమూనా అది. ఈ కొస నుంచి ఆ కొసకి 1.25 మీటర్లు. బాల్సా అనే తేలిక చెక్క, ప్లైవుడ్ కట్టుబడి, పైన ఇస్త్రీతో అంటించే ఫిల్మ్. కొబ్బరి మట్ట తగిలి, రెక్క సగం దూరంలో రెక్క పొడవునా వెన్నెముకలా సాగే బద్దలు, పై స్పార్, కింది స్పార్ రెండూ తెగాయి, రెక్కకి ఆకారమిచ్చే అడ్డ పలకలు, అంటే రిబ్బులు, రెండు నలిగాయి, ముందంచుని కప్పే పల్చటి చెక్క షీటు పగిలింది. కొత్త రెక్క ఆర్డరు పెట్టేద్దామని మొదట అన్నది నేను. మన చేతుల్తో చేసుకోవడం నేర్చుకోవాలని, మేముండే పరాయి దేశంలో వారం వారం ఉపన్యాసాలిచ్చేదీ నేనే.

పిల్లలతో కలిసి ఈ పనికి దిగేవాళ్లు ముందు బ్యాటరీ తీసి పక్కన పెట్టాలి. ఉబ్బినా, నొక్కుపడినా ఆ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ మళ్లీ వాడొద్దు. తర్వాత ముక్కలన్నీ, చీలికలతో సహా, ఏరాలి. ఏ చీలిక ఎక్కడిదో తెలిస్తే సగం కొలతలు అవే చెబుతాయి. దెబ్బ చుట్టూ అయిదు సెంటీమీటర్లు అదనంగా ఫిల్మ్ ఒలిచి, రెక్కని వెలుతురుకి పట్టుకుని మెల్లగా వంచి చూడాలి. విరిగిన చోటు ఎలాగూ కళ్లబడుతుంది. ముంచేది అక్కడికి దూరంగా దాక్కున్న బీట. స్పార్ల మధ్య నిలువు పలక, రెక్క వెనకంచున కదిలే ఐలెరాన్ పలకని తిప్పే చిన్న మోటారు (సర్వో) కూర్చునే చట్రం, చక్రాల కాలు బిగించే ప్లైవుడ్ దిమ్మ, రెక్కని ఒంటికి బిగించే బోల్టు పలక: ఈ నాలుగూ గోటితో తట్టి చూడండి.

ఇక స్పార్. పెద్దవాళ్లం పిల్లల చేతికివ్వని పని ఇదే. తెగిన రెండు కొసలూ ఎదురెదురుగా ఆనించి జిగురు పోస్తే నిలవదు. చెక్క కొసన నారల నోళ్లు తెరుచుకుని ఉంటాయి, అవి జిగురుని పీల్చేసి అతుకుని ఎండగడతాయి. అందుకే ఏటవాలుగా కోసి అతకాలి, మందానికి పది రెట్ల పొడవున. మా స్పార్ 5 మిల్లీమీటర్లు కాబట్టి వాలు 50 మిల్లీమీటర్లు. మధ్యలో వేసే కొత్త ముక్కకి రెండు వైపులా అదే వాలు. పై స్పార్ అతుకూ కింది స్పార్ అతుకూ ఒకే చోట పడకుండా ఒక రిబ్ గది అటూ ఇటూ జరపాలి. పక్కన 0.8 మిల్లీమీటర్ల ప్లైవుడ్ బద్ద అతుకు దాటి నాలుగేసి సెంటీమీటర్లు వెళ్లాలి, కొసలు సన్నగా చెక్కాలి. మొండిగా ఆపేస్తే బలం ఉన్నట్టుండి తగ్గిన ఆ గీత దగ్గరే మళ్లీ విరుగుతుంది. కార్బన్ బద్ద వేసి ఉక్కులా చేసేద్దామన్నా ఇదే చిక్కు.

స్పార్‌కి స్ప్రూస్ చెక్క మా ఊళ్లో దొరకదు. వడ్రంగి దగ్గర టేకు ఉంది. టేకు బరువు కదా అని నేను నసిగాను. ఘన సెంటీమీటరుకి స్ప్రూస్ 0.45 గ్రాములు, టేకు 0.65. మాకు కావలసిన 20 సెంటీమీటర్ల ముక్కకి తేడా ఒక్క గ్రాము! నారలు వంకర లేకుండా ఉండే ముక్క ఏరుకోవడమే ముఖ్యం. టేకులో నూనె ఉంటుంది, కనక అప్పుడే చిత్రిక పట్టిన ముఖాన్ని థిన్నర్ గుడ్డతో తుడిచి వెంటనే జిగురు పెట్టాలి. వెదురు వాడేవాళ్లు పైతోలు గీకేయాలి, దాని మీద జిగురు పట్టదు. చెరువుల్లో దొరికే జీలుగు బెండు బాల్సా కన్నా తేలికే గానీ బలం లేదు, కొస గుండ్రం సరిచేసే చోట పూడికకి సరిపోతుంది.

పనికిరాని బద్దల మీద పిల్లల చేత ఇలాంటి అతుకులు ముందే వేయించండి. ఒక రాత్రి ఆరనిచ్చి విరిచి చూడమనండి. జిగురు గీత వెంట నున్నగా ఊడొస్తే అతుకు తప్పు, చెక్క చీలి విరిగితే ఒప్పు. పెద్దల మెచ్చుకోలుతో పని లేకుండా చెక్కే తీర్పు చెబుతుంది. మా పిల్లది చీలింది. నాదీ చీలిందిలెండి, అడిగారు కాబట్టి.

జిగుర్ల విషయంలో కోనసీమ గాలి వేరు. ఫెవిక్విక్ రకాలు తేమతోనే గట్టిపడతాయి, ఇక్కడ ముక్క సరిచూసుకునే లోపే పట్టేస్తాయి. తెల్ల జిగురు అందుకు పూర్తిగా వ్యతిరేకం, ఉక్కపోతలో తెల్లవార్లూ బిగించి ఉంచాల్సిందే. ఎపాక్సీ ఎండకి తొందరపడుతుంది, అయిదు నిమిషాల రకం మూడు నిమిషాల్లో తీగలు సాగుతుంది. స్పార్‌కి నెమ్మది రకమే వాడాలి. అన్నట్టు, మీ రెక్క లోపల థర్మోకోల్ ఉంటే ఫెవిక్విక్ దగ్గరికి రానివ్వకండి, కరిగించేస్తుంది.

అతికేటప్పుడు రెక్క మెలిక పోకూడదు. స్పిట్‌ఫైర్ రెక్క మొదట్లో ముందంచు 2 డిగ్రీలు పైకి, కొసన అర డిగ్రీ కిందికి ఉంటుంది. ఈ రెండున్నర డిగ్రీల తేడా వల్లే వేగం తగ్గినప్పుడు రెక్క కొస ఆఖరి క్షణందాకా గాలి మీద పట్టు వదలదు. చదునైన బల్ల మీద అలాగే పడుకోబెట్టి అతికితే మెలిక పోయి, దిగేటప్పుడు రెక్క పడేసి తిరగబడుతుంది. రెక్క వెడల్పు 150 మిల్లీమీటర్లు ఉన్నచోట రెండున్నర డిగ్రీలంటే వెనకంచు ఆరున్నర మిల్లీమీటర్లు ఎత్తాలి. గచ్చు ఎప్పుడూ సమం కాదు, ఫ్లష్ డోరు పలక మీద పాలిథిన్ పరిచి చేయండి. ఎత్తులు సరిచూడ్డానికి బాగున్న కుడి రెక్క కొలతలు అట్ట మీద గీసి తిరగేసుకోవాలి.

రిబ్బుల పక్కన తోడు ముక్క వేస్తే చాలు. నిలువు పలక నారలు మాత్రం నిలువుగానే ఉండాలి, అడ్డంగా పెడితే స్పార్లు రెండూ దగ్గరికి నొక్కుకుపోతాయి. షీటు పగులుని చదరంగా కాక ఏటవాలుగా కోసి, లోపల ఆనుడు బద్దలు పెట్టి, కొత్త షీటు బయటి ముఖం తడిపి వంచాలి. పొడుగాటి దిమ్మకి సాండ్‌పేపరు చుట్టి 180 నంబరుతో మొదలెట్టి 400 నంబరుతో ముగించండి. చెక్క బాగా ఆరిన మధ్యాహ్నం ఫిల్మ్ వేయాలి, తేమతో మూస్తే తర్వాత సడలుతుంది.

చివరికి స్టిక్కర్ల దగ్గరికొచ్చాం. నేను తెచ్చినవి బ్రిటిష్ వైమానిక దళంలోని 152 హైదరాబాద్ స్క్వాడ్రన్ అక్షరాలు, యు, ఎం. నిజాం డబ్బుతో పేరొచ్చిన దళం, తర్వాత బర్మాలో పోరాడింది. "మనది నిజాం రాజ్యం కాదుగా" అంది పిల్ల. నిజమే, 1766లోనే నిజాం సర్కారు జిల్లాల్ని ఈస్టిండియా కుంఫిణీకి వదిలేశాడు. పరాయి దేశంలో ఉంటే తెలుగు నేల మీది ప్రతిదీ మనదే అనిపిస్తుంది మరి. బర్మాలో పోరాడిన బ్రిటిష్ విమానాల గుండ్రటి గుర్తులో ఎరుపు తీసేశారు, జపాను సూర్యుడనుకుని సొంతవాళ్లే కాలుస్తారని. 1942 ఏప్రిల్ 6న కాకినాడ మీద బాంబులేసింది ఆ సూర్యుడి విమానాలే. ఇది విన్నాక ఎరుపు లేని గుర్తు అంటించడానికి తనే కూర్చుంది. స్టిక్కర్లంటే కోపం కాదన్నమాట, స్టిక్కర్లు మాత్రమే ఇస్తే కోపం.

మరమ్మతు బరువు 14 గ్రాములు తేలింది, ఒంటికి 30 సెంటీమీటర్ల దూరంలో. అవతలి కొసన, 60 సెంటీమీటర్ల దగ్గర, 7 గ్రాములు పెడితే సమం. తర్వాత రెండు కొసల కిందా వేళ్లు పెట్టి మొత్తం విమానాన్ని ఎత్తాలి. రెక్క మొదట్లో అది మామూలు ఎగురుడుకి రెండింతలకి కాస్త పైన బరువు. సగం దూరంలో ఉన్న మా అతుకుకైతే ఆరు రెట్లు దాటుతుంది. మామూలుగా తిప్పుతూ ఎగరేస్తే అంత రాదు. మొదట్లో విరిగిన రెక్క అయితే, విమానం మీద దాని బరువంత మరో బరువు పెట్టి ఎత్తి చూడండి.

టక్కుమనలేదు. లెక్క ప్రకారం రిమోటు పిల్ల చేతికివ్వకుండా ఉండటానికి కారణమేదీ మిగల్లేదు. దాళ్వా కోతలయ్యాయి, చేలు ఖాళీ, పొద్దున్నే గాలి కూడా ఉండదు. అయినా మొదటిసారి నేనే ఎగరేస్తానని నోటిదాకా వస్తోంది. అతుకు మీద అనుమానమా అంటే కాదు. మరి దేనిమీదో తేల్చుకోలేక, రొయ్యల చెరువుల వైపు కరెంటు తీగలున్నాయని చెబుతున్నాను. తీగలు లేని చేను తాతయ్య అప్పుడే చూపించేశారు.