పదకొండు నెలలకు వెల ఎంత?

2022 అక్టోబరులో ఒక రాత్రి రెండు గంటలు దాటాక, వృద్ధులుండే నర్సింగ్ హోమ్‌లో నేను చూసుకునే ఒక పెద్దావిడకు ఉన్నట్టుండి చెమటలు పట్టాయి. చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతోంది. రక్తంలో చక్కెర పడిపోయిందని చూస్తూనే అర్థమైంది. మా నాన్నగారికి ఇరవై ఏళ్ళు మధుమేహం, ఆ లక్షణాలు నేను మా ఇంట్లోనే చూశాను. అర్థమైనా నేను చేయగలిగింది మాత్రం నర్సును పిలవడమే. అప్పటికి నేను సీఎన్ఏను, అంటే నర్సులకు సహాయకురాలిని. స్నానం చేయిస్తాను, పక్క సర్దుతాను, అన్నం తినిపిస్తాను, బీపీ చూసి రాస్తాను. మందు ఇచ్చే అధికారం నాకు లేదు. ఆ రాత్రి నర్సు భవనం రెండో వైపున ఉంది. ఆమె పరుగున వచ్చి గ్లూకోజ్ జెల్ నోట్లో పెట్టేసరికి నాలుగు నిమిషాలు పట్టింది. పెద్దావిడ కోలుకుంది. ఆ నాలుగు నిమిషాలు మాత్రం నన్ను వదల్లేదు. తెల్లవారి ఇంటికి రాగానే మావారితో, "నేను ఎల్‌వీఎన్ చదువుతానండి" అన్నాను.

ఇక్కడ టెక్సాస్‌లోనూ, కాలిఫోర్నియాలోనూ ఎల్‌వీఎన్ అంటారు, లైసెన్స్‌డ్ వొకేషనల్ నర్స్ అని. మిగిలిన రాష్ట్రాల్లో అదే చదువును ఎల్‌పీఎన్ అంటారు, ప్రాక్టికల్ నర్సింగ్ అని. పూర్తికాలం చదివితే సుమారు ఏడాది. ఆర్ఎన్, అంటే రిజిస్టర్డ్ నర్సు కంటే ఒక మెట్టు కింద, సీఎన్ఏ కంటే ఒక మెట్టు పైన. మందులు ఇవ్వడం, ఇన్సులిన్ వేయడం, పుళ్ళకు కట్టు కట్టడం, రోగి పరిస్థితి గమనించి ఆర్ఎన్‌కో డాక్టరుకో చెప్పడం వీళ్ళ పని. పెద్ద ఆసుపత్రుల్లో వీళ్ళు తక్కువగా కనిపిస్తారు. వృద్ధులుండే నర్సింగ్ హోముల్లో, క్లినిక్కుల్లో, ఇళ్ళకు వెళ్ళి చేసే సేవల్లో ఎక్కువ.

నేను రాజమహేంద్రవరం అమ్మాయిని. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రంలో ఎం.ఎస్సీ. చేశాను. డాలస్ వచ్చాక పదేళ్ళు ఇల్లు, పిల్లలు. గ్రీన్ కార్డు వచ్చాక సీఎన్ఏ శిక్షణకు వెళ్ళాను. టెక్సాస్‌లో అది వంద గంటల చదువు, ఖర్చు కూడా కొద్దిపాటిదే. ఇప్పుడు ఎవరు అడిగినా ముందు ఇదే చెబుతాను. నర్సింగ్‌కు వేల డాలర్లు కట్టేముందు ఆ వంద గంటలు చదివి, ఆరు నెలలు ఆ పని చేయండి. మలమూత్రాలు శుభ్రం చేయడం, నొప్పితో అరిచే మనిషి పక్కన నిలబడడం, రాత్రంతా మేలుకోవడం మన వల్ల అవుతుందో కాదో మరో మార్గంలో తెలియదు. నాతోపాటు శిక్షణ పొందిన ఇద్దరు మూడు వారాల్లో మానేశారు. వాళ్ళు నష్టపోయింది కొన్ని వందల డాలర్లే. ఏడాది ఫీజు కట్టాక ఆ సంగతి తెలిసి ఉంటే ఎంత బాధ!

నా ముందు రెండు దారులు కనిపించాయి. ఒకటి మా ఇంటికి పావుగంట దూరంలో ఉన్న ఒక ప్రైవేటు శిక్షణ సంస్థ. జనవరిలో మొదలుపెట్టవచ్చు, పన్నెండు నెలల్లో అయిపోతుంది. పుస్తకాలు, యూనిఫాం అన్నీ కలిపి 31,000 డాలర్లు. రెండోది మా కౌంటీలోని కమ్యూనిటీ కాలేజీ, అంటే స్థానిక పన్నుల సాయంతో నడిచే కాలేజీ. అక్కడ ముందుగా అనాటమీ, ఫిజియాలజీ రెండు భాగాలు, మరికొన్ని పాఠాలు పూర్తి చేయాలి, ప్రవేశ పరీక్ష రాయాలి, అప్పుడు దరఖాస్తు. సీటు వస్తే 2024 జనవరిలో మొదలు, డిసెంబరులో ముగింపు. నా ఎం.ఎస్సీ. మార్కులు మదింపు చేయించి ఇచ్చాను కానీ, మొక్కల శాస్త్రం మనిషి శరీర శాస్త్రానికి బదులు కాదన్నారు. వాళ్ళు చెప్పింది న్యాయమే. కోర్సు ఫీజు 5,200, ముందు చదవాల్సిన పాఠాలకు 1,300, పుస్తకాలు, యూనిఫాం, ఆన్‌లైన్ పరీక్షలకు 1,700, టీకాలు, వేలిముద్రలు, లైసెన్సు పరీక్ష వగైరాలకు 800. మొత్తం 9,000 డాలర్లు. కమ్యూనిటీ కాలేజీకి పన్ను కట్టే పరిధిలో మా ఇల్లు ఉంది కాబట్టే ఈ ఫీజు. ఐదు మైళ్ళ అవతల, ఆ పరిధి దాటి ఉన్న నా స్నేహితురాలికి అదే సీటు చాలా ఎక్కువ పడుతుంది. ఇల్లు మారే ఆలోచన ఉన్నవాళ్ళు ఈ సంగతి ముందే చూసుకోవాలి.

తేడా 22,000. ఇందులో ఆలోచించేది ఏముంది అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. కానీ ప్రైవేటు సంస్థలో మాట్లాడిన అమ్మాయి ఒక మంచి మాట అంది. "మీరు ఆగే ఏడాదికి కూడా ఖరీదు ఉంటుంది కదా?" తన సంస్థలో నన్ను చేర్చుకోవడానికే అంది నిజమే, అయినా ఆ మాటలో సత్యం ఉంది. ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక వంటగదిలో బల్ల దగ్గర కూర్చుని మావారూ నేనూ కాగితం మీద లెక్క వేశాం.

సీఎన్ఏగా నాకు గంటకు 17 డాలర్లు. మా నర్సింగ్ హోమ్‌లో కొత్త ఎల్‌వీఎన్‌కు 29. తేడా 12. వారానికి 36 గంటలు, ఏడాదికి 50 వారాలు లెక్కవేస్తే 21,600, అంటే నెలకు 1,800. ప్రైవేటు దారిలో నేను పదకొండు నెలల ముందు నర్సునవుతాను. పదకొండు పద్దెనిమిది వందలు 19,800. పన్నులు పోగా తగ్గుతుంది, సరే. అయినా 22,000 తేడాలో చాలా భాగం అక్కడే కరిగిపోయింది. చౌక చదువు ఆలస్యమైతే అంత చౌక కాదని ఆ కాగితమే చెప్పింది. నేను చాలాసేపు మాట్లాడలేదు.

తర్వాత మావారు అడిగారు, "31,000 ఎక్కడి నుంచి తెస్తాం?" మా దగ్గరున్న పొదుపు తొమ్మిది, పది వేలు. మిగతాది అప్పు. ఆ సంస్థ చూపించిన ప్రైవేటు అప్పుకు వడ్డీ 11 శాతం. మొత్తం అప్పుగా తీసుకుని ఐదేళ్ళలో తీరిస్తే వడ్డీయే 9,400 డాలర్ల దాకా అవుతుంది. లెక్క మళ్ళీ కమ్యూనిటీ కాలేజీ వైపు మొగ్గింది. అయినా నన్ను చివరికి ఒప్పించింది డబ్బు కాదు, ఆ సంస్థను అడిగిన రెండు ప్రశ్నలు.

మొదటిది: ఇక్కడి క్రెడిట్లు రేపు ఆర్ఎన్ చదవాలంటే కమ్యూనిటీ కాలేజీలో పనికొస్తాయా? ఆ అమ్మాయి "అది ఆయా కాలేజీల ఇష్టం" అంది. నేను మూడు కాలేజీలకు ఫోను చేసి అడిగాను. ముగ్గురూ పనికిరావన్నారు. అంటే ఆర్ఎన్ వైపు వెళ్ళాలనుకున్న రోజు అనాటమీ మళ్ళీ మొదటి నుంచి. కమ్యూనిటీ కాలేజీ దారిలో నేను ఆగే ఏడాది ఖాళీగా ఆగడం కాదని అప్పుడు తట్టింది. సీఎన్ఏ జీతం వస్తూనే ఉంటుంది, ఆ ఏడాది చదివే పాఠాలే తర్వాత ఆర్ఎన్‌కూ పనికొస్తాయి. ఒక జాగ్రత్త కూడా ఉంది. కొన్ని కాలేజీలు మరీ పాతబడిన సైన్సు మార్కులను ఒప్పుకోవు, కాబట్టి రెండు చదువుల మధ్య ఎక్కువ ఏళ్ళు జరగనివ్వకూడదు.

రెండో ప్రశ్న: మీ విద్యార్థుల్లో లైసెన్సు పరీక్ష మొదటిసారే పాసయ్యేవారు ఎందరు? దీనికి జవాబు వాళ్ళు చెప్పేదాకా ఆగనక్కర్లేదు. టెక్సాస్ నర్సింగ్ బోర్డు ప్రతి కాలేజీ ఫలితాలనూ ఏటా ప్రకటిస్తుంది. మొదటిసారి రాసినవారిలో 80 శాతం ఉత్తీర్ణులు కావాలన్నది నియమం. అంతకు తగ్గితే ఎందుకు తగ్గిందో పరిశీలించుకుని బోర్డుకు నివేదిక ఇవ్వాలి. నేను చూసిన ప్రైవేటు సంస్థ అంతకుముందు ఏడాదే ఆ గీతకు కింద ఉంది. అన్ని ప్రైవేటు సంస్థలూ అలాంటివి కావు. ఆ పట్టికలో 95 దాటినవీ కనిపించాయి. నేను కోపంగా చెబుతున్నది ఒక్కటే, ఆ సంఖ్య నాకు ఎవరూ చెప్పలేదు, నేనే వెతుక్కోవాల్సి వచ్చింది. "ఇక రెండే సీట్లు ఉన్నాయి" అని మాత్రం వారంలో నాలుగుసార్లు ఫోను వచ్చింది. పరీక్ష తప్పి, అప్పు మిగిలి, సీఎన్ఏగానే పనిచేస్తున్న మనిషి నా పక్కనే ఉన్నారు. ఆమె ముఖం చూసినప్పుడల్లా ఆ ఫోన్లు గుర్తొస్తాయి.

డబ్బు లెక్క అంతటితో అయిపోయింది. అసలు కష్టమైన లెక్క గంటలది. టెక్సాస్‌లో ఎల్‌వీఎన్ చదువుకు కనీసం 1,398 గంటలు ఉండాలి. 558 తరగతి గదిలో, 840 రోగుల దగ్గర. సెలవులు తీసేస్తే మాకు 46 వారాలు మిగిలాయి. వారానికి 30 గంటల పైమాట, ఇంటి దగ్గర చదువు వేరు. ఆసుపత్రిలో శిక్షణ ఉన్న రోజు ఉదయం ఆరున్నరకు అక్కడ ఉండాలి. మాకు వచ్చిన ఆసుపత్రి 38 మైళ్ళు. అంటే ఐదింటికి లేచి, ఐదున్నరకల్లా బయలుదేరాలి. పిల్లల బస్సు 7:40కి. పాపకు ఆరేళ్ళు, బాబుకు పది. మావారికి వారంలో మూడు రోజులు ఆఫీసుకు వెళ్ళక తప్పదు. రోజూ ఆ రెండు గంటలు పిల్లలను ఎవరు చూస్తారు?

ఇక్కడ మన ఇళ్ళలో జరిగేదే మేమూ చేశాం. విజిటర్ వీసా మీద వచ్చేవాళ్ళకు మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. జనవరి నుంచి జూన్ వరకు అమ్మ, జూలై నుంచి డిసెంబరు వరకు అత్తయ్యగారు. రెండు టిక్కెట్లకు 2,900 డాలర్లయింది. ఏ కాలేజీ ఖర్చుల పట్టికలోనూ ఈ వరస ఉండదు, కానీ నా చదువు నిలబడింది దీని మీదే. కోర్సు తేదీలు తెలియగానే మొదట చూసింది అమ్మ వీసా గడువు. అమ్మకు ఈ చదువు ఇష్టం లేదు. "ఎం.ఎస్సీ. చదివించింది ఇందుకా అమ్మాయ్?" అని విమానం ఎక్కే ముందు రోజు కూడా అంది. ఏప్రిల్‌లో ఒకరోజు బయట బట్టలు ఆరేస్తూ, పక్కింటి ఆయన పడిపోతే నేను వెళ్ళి చూసుకున్న తీరు చూసింది. ఆ సాయంత్రం నా స్క్రబ్స్ ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టింది. ఏమీ అనలేదు.

అత్తయ్యగారు ఎంతో సాయం చేశారు. అయినా సెప్టెంబరు మా ఇంట్లో బాగా గడవలేదు. పాపకు జ్వరం, నాకు మర్నాడే పరీక్ష. మా కాలేజీలో 75కు తగ్గితే తప్పినట్టే. తరగతి ఏడాదికి ఒక్కసారే మొదలవుతుంది కాబట్టి తప్పితే మరో ఏడాది ఆగాలి. మా తరగతిలో ఒకామె 73.8తో ఆగిపోయింది, ఇద్దరు చిన్నపిల్లల తల్లి. పూర్తికాలం చదువు వేగంగా అవుతుంది నిజమే. ఇంట్లో మరో మనిషి లేనివాళ్ళకు సాయంత్రాలు, వారాంతాల్లో నడిచే పద్దెనిమిది, ఇరవై నాలుగు నెలల కోర్సే మేలని ఆమెను చూశాక నాకు గట్టిగా అనిపించింది. ఆలస్యమైనా మధ్యలో తెగదు.

2025 జనవరిలో లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్-పీఎన్ రాశాను. ఐదు గంటల సమయం, 85 నుంచి 150 వరకు ఎన్ని ప్రశ్నలైనా రావచ్చు. నాకు 85 దగ్గరే తెర మూసుకుంది. కారులో కూర్చుని ఏడ్చాను, పాసయ్యానో లేదో తెలియక. రెండు రోజులకు తెలిసింది. మార్చిలో అదే నర్సింగ్ హోమ్‌లో నర్సుగా చేరాను.

మావాళ్ళలో చాలామంది అడిగే మాట మరొకటి ఉంది. ఉద్యోగాలు మారితే రాష్ట్రం మారే కుటుంబాలు మనవి. టెక్సాస్‌లో నివాసం ఉండి తీసుకున్న మల్టీస్టేట్ లైసెన్సు కాంపాక్ట్ అనే రాష్ట్రాల ఒప్పందంలో ఉన్న ఇతర రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది. కాలిఫోర్నియా, న్యూయార్క్ అందులో లేవు. మావారి సంస్థ కాలిఫోర్నియా వెళ్ళమంటుందేమోనని 2023 అంతా భయపడ్డాం, అందుకే నాకు ఇది గుర్తుంది. హెచ్4 మీద, అంటే భర్త హెచ్1బీ వీసా మీద ఆధారపడి వచ్చిన చెల్లెళ్ళు ఇంకో సంగతి గమనించాలి. ఆ వీసా మీద ప్రభుత్వ విద్యార్థి రుణాలు రావు, పని అనుమతి లేకపోతే లైసెన్సు చేతిలో ఉన్నా ఉద్యోగం చేయలేరు. చదువు పూర్తయ్యే నాటికి అనుమతి ఉంటుందా అన్నది ఫీజు కంటే ముందు తేల్చుకోండి.

గత నెలలో ఎల్‌వీఎన్‌లు ఆర్ఎన్ కావడానికి చదివే బ్రిడ్జి కోర్సు సలహాదారును కలిశాను. అనాటమీ, ఫిజియాలజీ రెండు భాగాలూ తీసుకున్నారు. మైక్రోబయాలజీ ఒకటి మిగిలింది, ఆగస్టులో సాయంత్రం తరగతికి పేరు ఇచ్చాను. బ్రిడ్జిలో సీటు వస్తే మళ్ళీ ఉదయం ఐదింటికి లేవాలి. నిన్న అమ్మకు ఫోను చేసి చెబితే, "టిక్కెట్టు ఎప్పటికి తీస్తున్నావు?" అంది.