పక్క కుర్చీలో పార్టీ, ఎదురుగా విండోస్ 11

డీటీపీ షాపులో, అంటే శుభలేఖలు, కరపత్రాలు కంప్యూటర్‌లో తయారు చేసే చోట, ఒక్కో కంప్యూటర్ ముందు రెండు కుర్చీలు ఉంటాయి. ఒకటి ఆపరేటర్‌ది, ఇంకోటి పార్టీది. పార్టీ అంటే పని తెచ్చినవాళ్లు. శుభలేఖ వేయించుకునేవాళ్లు మేటర్ మన చేతిలో పెట్టి వెళ్లిపోరు. పక్కనే కూర్చుని, "పెళ్లికూతురి పేరు ఇంకొంచెం పెద్దగా రానివ్వండమ్మా", "మేనమామ పేరు మర్చిపోయాం, పైన ఎక్కడైనా ఇరికించండి" అంటూ స్క్రీన్ మీదే ప్రూఫ్ చూస్తారు. ఖమ్మంలో నేను ఈ పనిలోకి వచ్చిన 1999 నుంచీ ఇదే పద్ధతి. అప్పుడు విండోస్ 98, పేజీలు కూర్చడానికి పేజ్‌మేకర్ 6.5. ఇప్పుడు విండోస్ 11. రెండో కుర్చీ మాత్రం అక్కడే ఉంది. కొత్త విండోస్‌తో నేను పడ్డ తంటాల్లో సగం ఆ కుర్చీ వల్లే.

మార్చక తప్పలేదు. విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఇంకో ఏడాది పొడిగించుకునే వీలు ఇచ్చారు కానీ, షాపు మెషిన్ ఎలాగూ నాలుగో జనరేషన్ ఇంటెల్ ఐ3 ప్రాసెసర్‌ది. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచి పైకి ఉండాలి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి. జనం ఫోటోలు, ఆధార్ కాపీలు, వాట్సాప్ వెబ్ అన్నీ ఆ మెషిన్ మీదే తిరుగుతాయి. అప్‌డేట్లు లేని దాంట్లో అవన్నీ పెట్టుకుని కూర్చోవాలంటే టెన్షన్. కొత్తది కొన్నాం.

మొదటి గొడవ ఎడమ మూలతో వచ్చింది. 1995 ఆగస్టులో విండోస్ 95 వచ్చినప్పటి నుంచి స్టార్ట్ బటన్ స్క్రీన్ కింద ఎడమ మూలలోనే ఉంది. తర్వాతి విండోస్‌లలో మౌస్‌ని చూడకుండా అటు విసిరితే చాలు, వెళ్లి దాని మీదే ఆగేది. గురి చూడక్కర్లేదు, మూల దాటి బాణం ఎక్కడికీ పోదు కదా. 2012లో విండోస్ 8లో ఆ బటన్ తీసేస్తే గోల గోల అయింది, మరుసటి ఏడాది 8.1లో మళ్లీ తెచ్చిపెట్టారు. 2021లో వచ్చిన విండోస్ 11లో బటన్ తియ్యలేదు, మధ్యకి జరిపారు. అంతేనా అంటే అంతే కాదు. ఎప్పుడు ఎన్ని ప్రోగ్రాములు తెరిచి ఉంటే దాన్ని బట్టి కింద టాస్క్‌బార్‌లో ఉండే గుర్తుల వరుస అటూ ఇటూ జరుగుతుంది, దాంతో పాటు స్టార్ట్ బటనూ జరుగుతుంది. ఇక పాత మూలలో విడ్జెట్లు పెట్టారు. నొక్కక్కర్లేదు, మౌస్ కాసేపు ఆగితే చాలు, వాతావరణం, సినిమా వార్తలు, క్రికెట్ స్కోరు స్క్రీన్ సగం దాకా పరుచుకుంటాయి.

ఒంటరిగా ఉంటే మూసేసి పని చూసుకుంటాం. పక్కన పార్టీ ఉంటే వేరు. నేను ప్రోగ్రామ్ తెరవబోయి చెయ్యి అలవాటు కొద్దీ మూలకి పోతుంది, వార్తలు వస్తాయి, ఆయన "ఆగండాగండి మేడమ్, అది ఏంటి?" అని సినిమా హీరోయిన్ పెళ్లి వార్త చదవడం మొదలుపెడతాడు. ఆయన పిల్ల పెళ్లి పత్రిక అక్కడే ఉంటుంది.

దీనికి మందు ఉంది. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, అందులో టాస్క్‌బార్, అక్కడ అలైన్‌మెంట్ లెఫ్ట్ అని పెడితే స్టార్ట్ మళ్లీ మూలకి వస్తుంది. విడ్జెట్లు కూడా అక్కడే ఆపెయ్యొచ్చు. నిజం చెప్పాలంటే మధ్యలో పెట్టడానికి కూడా ఒక అర్థం ఉంది. ఇప్పటి మానిటర్లు మరీ వెడల్పు, చూపు మధ్యలో ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి అదే సుఖమేమో. నాకు కాదు.

నాకు అప్పుడు మందు దొరకని బాధ వేరే ఉంది. నేను ఏళ్ల తరబడి టాస్క్‌బార్‌ని కింద కాకుండా నిలువుగా ఎడమ అంచున పెట్టుకునేదాన్ని. కారణం మా పనే. ఏ4 పేజీ నిలువుగా ఉంటుంది, మానిటర్ అడ్డంగా ఉంటుంది. వెడల్పు ఎంతున్నా మిగిలిపోతుంది, ఎత్తే చాలదు. పాత మానిటర్ 1366 బై 768 పిక్సెళ్లు. అందులో పైన మెనూలు, కింద టాస్క్‌బార్ పోతే కరపత్రం సగమే కనిపిస్తుంది. టాస్క్‌బార్‌ని పక్కకి తోస్తే పేజీ ఇంకో రెండు మూడు లైన్లు దిగుతుంది. పైగా నిలువు బార్‌లో ఫైళ్ల పేర్లు ఒకదాని కింద ఒకటి పూర్తిగా చదువుకోవచ్చు. విండోస్ 95 నుంచి 10 దాకా ఆ బార్‌ని నాలుగు అంచుల్లో ఎక్కడికైనా లాక్కోవచ్చు. విండోస్ 11 తయారు చేసినప్పుడు టాస్క్‌బార్‌ని మొదటినుంచి మళ్లీ రాశారు, ఆ రాయడంలో ఈ సౌకర్యం కొట్టుకుపోయింది. చాలా తక్కువమంది వాడతారని తీసేసి ఉంటారు. ఆ తక్కువమందిలో ఊరూరా ఉన్న డీటీపీవాళ్లను ఎవరైనా లెక్కేశారా అని నా అనుమానం. కొత్త మానిటర్ 1920 బై 1080 కాబట్టి కాస్త ఊపిరాడింది. వాడనప్పుడు బార్ దాక్కునేలా ఆటో హైడ్ పెట్టి చూశాను. పేజీ అడుగున ఫోన్ నంబర్ సరిచేయబోతే ప్రతిసారీ బార్ పైకి లేచి దాన్నే కప్పేస్తోంది. తీసేశాను.

రైట్ క్లిక్ సంగతి చాలామంది ఇప్పటికే తిట్టారు కాబట్టి నేను ఎక్కువ తిట్టను. ఫైలు మీద రైట్ క్లిక్ కొడితే పొట్టి మెనూ వస్తుంది, పాత మెనూ కావాలంటే "షో మోర్ ఆప్షన్స్" అని ఇంకోసారి నొక్కాలి. మాకు రోజుకి ఇన్నిసార్లని లేకుండా కావాల్సింది "సెండ్ టు". ఆఫ్‌సెట్ ప్రెస్సుకి ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించేది అక్కడి నుంచే. అది ఆ రెండో మెనూలోకి పోయింది. కట్, కాపీ, రీనేమ్, డిలీట్ మాటలు కూడా పోయి బొమ్మలయ్యాయి. ఆ బొమ్మల వరుస ఒకసారి మెనూ పైన ఉంటుంది, ఒకసారి కింద. మౌస్‌కి ఏ వైపు దగ్గరైతే ఆ వైపు వస్తుంది. ఆలోచన మంచిదే కానీ చెయ్యి ప్రతిసారీ వెతుక్కుంటుంది. తర్వాతి వెర్షన్లో బొమ్మల కింద పేర్లు కూడా వేశారు, అది మేలు. పాత మెనూని శాశ్వతంగా తెచ్చుకోవడానికి విండోస్ లోపలి సెట్టింగులు ఉండే రిజిస్ట్రీలో ఒక లైను మార్చమంటారు. షాపు మెషిన్‌లో రిజిస్ట్రీ జోలికి పోకూడదని నా నియమం. షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ కొడితే పాత మెనూ నేరుగా వస్తుందని తెలిశాక ఎడమ చేతికి అదే నేర్పాను. రిఫ్రెష్ మాత్రం డెస్క్‌టాప్ మెనూలో పైకే కనిపిస్తుంది, దేవుడి దయ. ఎందుకు కొడతామో తెలియకపోయినా పని మొదలుపెట్టే ముందు రిఫ్రెష్ కొట్టకపోతే మనకి చేతులు కదలవు కదా.

తెలుగు టైపు చేయడానికి మేం వాడే అను స్క్రిప్ట్ మేనేజర్ గురించి చెప్పాలి. తెలుగు డీటీపీలో ఉన్నవాళ్లకి ఇది తెలిసిందే, కింద కుడివైపు గడియారం పక్కన దాని గుర్తు కూర్చుంటుంది. తెలుగులో ఉన్నామా, ఇంగ్లీషులో ఉన్నామా అన్నది దాన్ని చూసే తెలుసుకుంటాం. కొత్త విండోస్ అలాంటి గుర్తులన్నీ ఒక చిన్న బాణం వెనక దాచేసింది. నాకు కనబడక, ప్రోగ్రామ్ నడవడం లేదేమో అనుకుని మళ్లీ మళ్లీ తెరిచాను. టాస్క్‌బార్ సెట్టింగుల్లో "అదర్ సిస్టమ్ ట్రే ఐకాన్స్" అని ఒక చోటు ఉంది, అందులో దాని ఎదురుగా ఆన్ చేస్తే బయటకి వచ్చి నిలబడుతుంది.

ఇప్పుడు అసలు కథ. స్టార్ట్ నొక్కితే పైన పిన్ చేసుకున్న ప్రోగ్రాములు, వాటి కింద "రికమెండెడ్" అని ఒక భాగం వస్తాయి. ఈమధ్య తెరిచిన ఫైళ్లు పేర్లతో సహా అందులో కనిపిస్తాయి. ఇంట్లో సొంత కంప్యూటర్ వాడుకునేవాళ్లకి ఎంత సుఖమో నేను ఒప్పుకుంటాను. కానీ మేం కొత్త మెషిన్ కొన్నది సరిగ్గా సర్పంచ్ ఎన్నికల ముందు. తెలంగాణలో 2025 డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా పోలింగ్ జరిగింది. పంచాయతీ ఎన్నికల్లో రాజకీయ పార్టీల గుర్తులు ఉండవు, అభ్యర్థులకి ఉంగరం, కత్తెర లాంటి గుర్తులు ఇస్తారు. గుర్తు ఖరారైన సాయంత్రమే అందరూ షాపు మీద పడతారు, రాత్రికి కరపత్రం కావాలి, పొద్దున్నే ఊళ్లోకి పోవాలి. ఒకే ఊరి ఇద్దరు అభ్యర్థులూ మా దగ్గరికే వస్తారు. తప్పేమీ లేదు, ఊరికి దగ్గర షాపు మాదే. అయితే ఒకరి మేటర్ ఇంకొకరి కంట పడకూడదు. ఇదీ మా వృత్తి ధర్మం. బిల్లు బుక్కు కూడా అందుకే బోర్లా పెడతాం.

ఆ రోజు పార్టీ ఇంకా రాకముందు స్టార్ట్ నొక్కి చూస్తే రికమెండెడ్‌లో ఊరి పేరు, పక్కన "ఉంగరం ఫైనల్". రాబోయేది కత్తెర ఆయన.

వెంటనే సెట్టింగుల్లో పడ్డాను. పర్సనలైజేషన్‌లో స్టార్ట్ అన్న చోట ఈ మధ్య తెరిచినవి చూపించాలా వద్దా అని ఒక మీట ఉంది. ఆపేశాను. ఆపితే స్టార్ట్‌లోనే కాదు, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఈమధ్య వాడిన ఫైళ్లు, టాస్క్‌బార్‌లో కోరల్ (డిజైన్లు గీసే ప్రోగ్రామ్) మీద రైట్ క్లిక్ కొడితే వచ్చే జాబితా కూడా పోయాయి. అన్నిటికీ ఒకటే మీట. ఆ జాబితా నాకు కావాలి, నిన్నటి ఫైలు పట్టుకోవడానికి రోజూ వాడేది అదే. స్టార్ట్‌లో వద్దు, మిగతా చోట్ల ఉండనీ అనే వీలు నాకు దొరకలేదు. చివరికి పరువే ముఖ్యం అనుకుని ఆపి ఉంచాను. ఫైళ్లని తేదీల వారీ ఫోల్డర్లలో పెట్టడం మొదలుపెట్టాను. 1999లో అలాగే పెట్టేవాళ్లం.

నోట్‌ప్యాడ్ ఇంకో మెట్టు పైన ఉంది. వాట్సాప్‌లో వచ్చే మేటర్ యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో వాడే తెలుగు అక్షరాల పద్ధతిలో ఉంటుంది. పేజ్‌మేకర్‌లో అది నేరుగా అతకదు కాబట్టి ముందు నోట్‌ప్యాడ్‌లో వేసి, అక్కడ సరిచేసి, అను ఫాంట్లకి కన్వర్ట్ చేసుకుంటాం. పాత నోట్‌ప్యాడ్ మూసేస్తే "సేవ్ చేయాలా?" అని అడిగేది, వద్దంటే పోయేది. కొత్తదానికి బ్రౌజర్‌లాగా ట్యాబులు వచ్చాయి. సేవ్ చేయకుండా మూసినా అడగదు, మళ్లీ తెరిస్తే ఉన్నది ఉన్నట్టు తెచ్చిపెడుతుంది. ఫీచర్‌గా మంచిదే, కరెంటు పోయినప్పుడు నన్నే కాపాడింది. కానీ మూఢం వెళ్లాక కూతురి పెళ్లి పెట్టుకున్న ఒక పెద్దాయన, ఆయన భార్య పక్కన కూర్చుని ఉండగా నోట్‌ప్యాడ్ తెరిస్తే, పొద్దున ఎవరిదో దశదినకర్మ కార్డు మేటర్ నిండా వచ్చింది. "స్వర్గస్తులైనారని తెలియజేయుటకు చింతించుచున్నాము." ఆవిడ ముఖం చూడాలి. శుభలేఖ మొదటి అక్షరం కూడా పడకముందు. నేను వెంటనే ట్యాబ్ మూసి, మెషిన్ పక్కనున్న వినాయకుడి పటానికి దండం పెట్టి, "పసుపు బొట్టు పెట్టించి వేద్దాం అమ్మా" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు, పసుపు మాత్రం నిజంగానే తెచ్చి నాలుగు మూలలా పూసిన కార్డు పట్టుకెళ్లింది. నోట్‌ప్యాడ్ సెట్టింగుల్లో, తెరిచినప్పుడు పాతవి తేవద్దు, కొత్తగా మొదలుపెట్టు అని మార్చుకునే వీలు ఉంది. ఆ రోజే మార్చాను.

మెచ్చుకోవాల్సినవి లేకపోలేదు. విండో పైన పెద్దది చేసే బటన్ మీద మౌస్ ఆపితే స్క్రీన్‌ని ఎలా పంచుకోవాలో చిన్న పటాలు వస్తాయి, ఎడమ వైపు వాట్సాప్, కుడి వైపు కోరల్ రెండు క్లిక్కుల్లో సర్దుకుంటాయి. ఇది లేకుండా ఇన్నేళ్లు ఎలా చేశామో అనిపిస్తుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ట్యాబులు కూడా బాగున్నాయి. ఫోటోల ఫోల్డర్, మేటర్ ఫోల్డర్, పెన్‌డ్రైవ్ ఒకే విండోలో. ప్రింటర్ల సంగతి మాత్రం అడగొద్దు, కంట్రోల్ ప్యానెల్‌లో "డివైసెస్ అండ్ ప్రింటర్స్" నొక్కితే కొత్త సెట్టింగ్స్‌కి తీసుకుపోతుంది, అక్కడ నాకు కావాల్సింది ఇంకో రెండు క్లిక్కుల లోపల ఉంటుంది.

షాపులో నాతో పనిచేసే కుర్రాడికి ఇరవై రెండేళ్లు. వాడికి ఇదేదీ సమస్యే కాదు. వాడు స్టార్ట్ మెనూలో వెతకడు, విండోస్ కీ నొక్కి నాలుగు అక్షరాలు కొట్టి ఎంటర్ అంటాడు. బటన్ ఎక్కడుంటే వాడికెందుకు? నేను అన్నీ ఎడమకి జరిపేసరికి వాడికి చిరాకు వచ్చింది. "అక్కా, ఫోన్‌లో లాగా మధ్యలో ఉంటేనే బాగుంటది, మళ్లీ పాతదానిలాగ చేసినవ్" అన్నాడు. ఇద్దరం ఒకే మెషిన్ మీద షిఫ్టులు మారతాం, పొద్దున నేను, రాత్రి వాడు. కొన్నాళ్లు నేను ఎడమకి, వాడు మధ్యకి మార్చుకుంటూ ఉన్నాం.

చివరికి వాడికి వేరే యూజర్ అకౌంట్ పెట్టాను. మేటర్లన్నీ డీ డ్రైవ్‌లో ఉంటాయి కాబట్టి ఇద్దరికీ దొరుకుతాయి, స్క్రీన్ రూపం మాత్రం ఎవరిది వాళ్లకి. ఇంతలో 2025 చివర్లో వచ్చిన అప్‌డేట్‌తో స్టార్ట్ మెనూ మళ్లీ మారింది. ప్రోగ్రాములన్నీ ఇప్పుడు కిందికి జరుపుతూ ఒకే పేజీలో కనిపిస్తాయి, రకాల వారీగా గుంపులు కట్టి ఉంటాయి. నేను దాన్ని అక్షర క్రమంలోకి మార్చుకున్నాను. వాడు గుంపులే ఉంచుకున్నాడు. వాడి యూజర్‌లో రికమెండెడ్, నోట్‌ప్యాడ్ రెండూ కంపెనీ ఇచ్చినట్టే ఉన్నాయి. ఆపరా అంటే "నా దగ్గరికి రాత్రి పూట ఎవరొస్తరక్కా" అంటాడు. మున్సిపల్ ఎన్నికల కరపత్రాలప్పుడు రాత్రి పదకొండింటికి కూడా ఆ కుర్చీ ఖాళీగా ఉండదని వాడికి చెప్పాను. ఇవాళ వాడు టీకి వెళ్లినప్పుడు నేనే లాగిన్ అయి ఆ రెండు మీటలూ ఆపబోతున్నాను. పాస్‌వర్డ్ వాడి బండి నంబరే.