చెరువు నడుమ ఉండగా గాలిదుమారం లేస్తే

పడవ ప్రమాదం అనగానే మనకు గోదావరి వరదలే గుర్తొస్తాయి. లక్నవరం, రామప్ప, పాకాల లాంటి చెరువుల మీద మాత్రం నాకు ఏప్రిల్, మే సాయంత్రాలంటేనే ఎక్కువ భయం. పొద్దంతా ఎండ మండి, మూడు నాలుగింటికి ఒక పక్క నల్లమబ్బు లేస్తుంది. చినుకు పడ్డాక తిరుగుదాంలే అనుకుంటారు చాలామంది. అప్పటికే ఆలస్యం. మబ్బులోంచి వాన దిగేటప్పుడు చల్లబడి బరువెక్కిన గాలి కిందికి దూకి నలుదిక్కులా పరుచుకుంటుంది, వానకంటే ముందే మన మీద పడుతుంది. ఉక్కలో ఉన్నట్టుండి చల్లగాలి తగిలినా, దూరంగా నీళ్లు నల్లబడి గరుకుగా కనిపించినా దుమారం వచ్చేసినట్టే.

కాబట్టి ఉరుము వినగానే పడవ తిప్పాలి. మెరుపు తర్వాత ఎన్ని సెకన్లకు ఉరిమిందో లెక్కపెడితే, మూడు సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు. ముప్పై లోపే ఉరిమితే పిడుగు అందే దూరంలో ఉన్నారు. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగనిదే మళ్లీ నీళ్లలోకి దిగొద్దు.

ఏ ఒడ్డుకు పోవాలన్నదే అసలు విషయం. దగ్గరున్న ఒడ్డు మంచిదే, కానీ రెండూ ఇంచుమించు ఒకే దూరమైతే గాలి వచ్చే వైపు ఒడ్డుకే పోవాలి. అక్కడ అల పుట్టడానికి చోటుండదు. గాలి పోయే వైపు ఒడ్డు దగ్గర అలలు పెద్దవై విరుగుతాయి. అది కట్ట అయితే ఇంకా ప్రమాదం: పేర్చిన రాళ్లకు కొట్టి అల వెనక్కి వస్తుంది, పడవ రెండు అలల నడుమ నలిగిపోతుంది. శిఖం వైపైతే, అంటే నీళ్లు తగ్గినప్పుడు బయటపడే చెరువు నేల వైపైతే, లోతు తక్కువ, అడుగున మోడులుంటాయి కాబట్టి వేగం తగ్గించి పోవాలి. మత్తడి (నిండిన చెరువు నీళ్లు పొర్లిపోయే అలుగు) పోస్తున్నా, తూము తెరిచి ఉన్నా ఆ దరిదాపులకు పోకూడదు.

అల పక్కనుంచి తగిలితే పడవ బోల్తా పడుతుంది. మోటారు పడవైతే ముక్కును అలకు కొంచెం ఏటవాలుగా పెట్టి నెమ్మదిగా నడపాలి. అందరూ అడుగున కూర్చోవాలి, ఎవరూ లేవొద్దు, ఒక పక్కకు జరగొద్దు. చేరిన నీళ్లను వెంటనే తోడాలి. ఐదు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు పడవలో అంగుళం నీళ్లంటే దాదాపు 125 కిలోలు, పైగా పడవ ఎటు ఒరిగితే అటే పరిగెత్తుతాయి. మూతి కోసిన ఐదు లీటర్ల నూనె డబ్బాను తాడుతో పడవకు కట్టి ఉంచితే చాలు, తోడడానికి అంతకంటే మంచి సామాను లేదు.

ఇంజన్ ఆగిందా, లంగరు ముక్కు నుంచే వేయాలి. వెనకనుంచి వేస్తే ఇంజన్ బరువుతో ముందే కిందికున్న ఆ వైపు అల ఎక్కి పడవను ముంచుతుంది. తాడు నీటి లోతుకు ఐదు నుంచి ఏడింతలు ఉండాలి, నాలుగు మీటర్ల లోతుకు కనీసం ఇరవై మీటర్లు. లంగరు లేకపోతే బకెట్‌ను తాడుకు కట్టి ముక్కు నుంచి వదలండి, ఆ లాగుడుకు ముక్కు గాలికి ఎదురుగా నిలుస్తుంది. గుండ్రటి బుట్టలాంటి పుట్టికీ థర్మకోల్ తెప్పకూ ఈ ఉపాయాలు పెద్దగా పనిచేయవు. వాటి మీద వేటకు పోయేవాళ్లు అందరికంటే ముందే ఒడ్డెక్కాలి.

లైఫ్ జాకెట్ సీటు కింద ఉంటే లేనట్టే. తొడిగి, బకిల్స్ అన్నీ పెట్టి, భుజాల దగ్గర పట్టి పైకి లాగండి. గడ్డం దాటి వచ్చేస్తే వదులుగా ఉన్నట్టు. పిల్లలకు కాళ్ల మధ్య పట్టీ ఉన్నదే వేయాలి. చీర కొంగు నడుముకు దోపుకోవాలి. మూసి ఉన్న లాంచీలో కిటికీలు, తలుపులు బిగించుకుని కూర్చోవద్దు. 2018 మే 15న దేవీపట్నం దగ్గర గోదావరిలో ఈదురుగాలికి లాంచీ మునిగినప్పుడు వానకని అన్నీ మూసుకున్నవాళ్లు లోపలే చిక్కుకుపోయారు.

బోల్తా పడితే పడవను వదిలి ఈదొద్దు. చెక్కదైనా ఫైబర్‌దైనా చాలావరకు తేలుతూనే ఉంటుంది, వెతికేవాళ్లకు మనిషి తల కంటే అదే ముందు కనబడుతుంది. ఫోన్ అందుబాటులో ఉంటే 112కి చేయండి. ఒడ్డెక్కాక తాడిచెట్టు కిందికి మాత్రం పోవద్దు, పిడుగు ముందు దాన్నే వెతుక్కుంటుంది. పక్కా భవనంలోకో, అద్దాలు ఎత్తిన కారులోకో పోవాలి.