హ్యావ్, హ్యాజ్ సాధన: ఇప్పటిదాకా ఎక్కడికొచ్చింది

ఇంగ్లీష్ నేర్చుకోవడం నాకు సరదా, పరీక్ష కోసమో ఉద్యోగం కోసమో కాదు, అందుకే ఒక్కో క్రియనీ పట్టుకుని తీరిగ్గా తేల్చుకుంటున్నాను. యామ్, ఈజ్, ఆర్ నోటికి పట్టాయి. ఇప్పుడు హ్యావ్, అంటే ఎవరికైనా ఏదైనా 'ఉంది' అని చెప్పే క్రియ నడుస్తోంది, అదీ వర్తమాన కాలం వరకే.

రూపాలు రెండే. హీ, షీ, ఇట్ లేదా ఒక్క మనిషి, ఒక్క వస్తువు కర్త అయితే హ్యాజ్, ఐ, యూలతో సహా మిగతా అందరికీ హ్యావ్. ఇది గుర్తుపెట్టుకోవడం తేలిక, కష్టమంతా మాట్లాడేటప్పుడే, ఎందుకంటే మన క్రియ ఉన్నదాన్ని బట్టి మారుతుంది, ఎవరికి ఉందో వాళ్ళని బట్టి కాదు. రవికి అక్క ఉంది, రవికి ఇద్దరు అక్కలు ఉన్నారు, రవికి రెండు సైకిళ్ళు ఉన్నాయి. ఈ మూడింటికీ ఇంగ్లీష్‌లో 'రవి హ్యాజ్' ఒక్కటే, అక్కలు పదిమంది ఉన్నా హ్యాజే! కాబట్టి నోరు తెరిచేముందు 'ఎవరికి?' అని మాత్రమే అడుగుతున్నాను. దీనితోనే సగం టెన్షన్ పోయింది. ఒక్క చోట జాగ్రత్త కావాలి: 'అందరికీ' అనగానే మనకి బహువచనం తోస్తుంది కానీ ఎవ్రీబడీ పక్కన హ్యాజ్ రావాలి.

సాధన ఇలా. నోటుబుక్కు పేజీని నిలువుగా రెండుగా చేసి ఎడమవైపు తెలుగు వాక్యం, కుడివైపు ఇంగ్లీష్ రాస్తాను, తర్వాత కుడివైపు చెయ్యి అడ్డం పెట్టి పైకి చెప్పి ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటాను. తెలుగు వాక్యాలన్నీ ఒకేలా ఉంటే లాభం లేదు, 'నాకు తమ్ముడున్నాడు', 'నా దగ్గర గొడుగుంది', 'ఆ గదికి రెండు కిటికీలున్నాయి' అని కలిపి రాయాలి, అప్పుడే కి, దగ్గర అన్నీ హ్యావ్‌లోకే చేరతాయని చేతికి తెలుస్తుంది. ద రూమ్ హ్యాజ్ టూ విండోస్.

అలాగని 'నాకు' కనపడిన చోటల్లా హ్యావ్ పెట్టేస్తే కుదరదు. 'నాకు ముప్పై ఏళ్ళు' అంటే ఐ యామ్ థర్టీ. ఆకలిగా ఉంది, చలిగా ఉంది అన్నా ఐ యామ్ హంగ్రీ, ఐ యామ్ కోల్డ్. చివర 'గా ఉంది' వస్తే చాలావరకు యామ్ అని రాసుకున్నాను, జబ్బులు మాత్రం దీనికి లొంగవు: తలనొప్పిగా ఉంది అన్నా ఐ హ్యావ్ ఎ హెడేక్. వీటికి విడిగా ఒక పేజీ పెట్టడం మంచిది.

లేదు అని చెప్పాలంటే డూ సాయం రావాలి. ఐ డోంట్ హ్యావ్, షీ డజంట్ హ్యావ్. డజ్ వచ్చిందంటే హ్యాజ్ మళ్ళీ హ్యావ్ అయిపోతుంది, ప్రశ్నలోనూ అంతే, డజ్ షీ హ్యావ్ ఎ పెన్? నాకు ఈ క్రియలో బాగా నచ్చింది ఇదే, కర్తకు తగ్గ మార్పు డూ మీదికి వెళ్ళిపోతే అసలు క్రియ హాయిగా ఉంటుంది.

ఐ యామ్ హ్యావింగ్ ఎ కార్ అని చాలామంది అంటారు. సొంతమని చెప్పడానికి ఐ హ్యావ్ చాలు. భోంచేస్తున్నాను అనడానికైతే ఐ యామ్ హ్యావింగ్ లంచ్ సరైన మాటే.

ఇక పలకడం. హ్యావ్ చివర పై పళ్ళు కింది పెదవికి తగలాలి, హ్యాజ్ చివర తేనెటీగ రొదలాంటి శబ్దం రావాలి. రికార్డింగుల్లో నాకు మొదటిది స్పష్టంగా వినిపిస్తోంది, రెండోదానికి ఇంకా సాధన కావాలి. తర్వాత పట్టుకునేది 'వెళ్ళాలి' అనే అర్థంలో వచ్చే ఐ హ్యావ్ టు గో, అక్కడ పలుకు హ్యాఫ్ టు అవుతుంది కాబట్టి ముందు నాలుగు రోజులు వినడమే, రాయడం తర్వాత.