టీ కొట్టులో చైనా, యార్డులో తేజ

గుంటూరు, ఫిబ్రవరి, మంగళవారం.

ఏడు కొట్టకముందే మిర్చి యార్డు గేటు దగ్గర లారీలు బారులు తీరాయి. లోపల టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దించుతున్న చప్పుడు, దానితో పాటు తుమ్ములు. టీ కొట్టు దగ్గర ఒక కమీషన్ వ్యాపారి అంటున్నాడు: "చైనా వాడి సరుకు గుండుసూదైనా ఇంట్లోకి రానీకూడదండీ." గ్లాసు సగం తాగాడో లేదో, పక్కాయన్ని అడిగాడు: "ఏం బాబాయ్, చైనా ఆర్డర్లు కదిలినియ్యా? తేజ మిర్చి ధర పెరుగుద్దా?" ఎవరూ నవ్వలేదు. ఇక్కడ అది రోజూ వినేదే.

ఆయన కోపం ఉత్తిది కాదు. 2020 జూన్ 15న గల్వాన్‌లో మన సైనికులు 20 మంది పోయారు, వాళ్లలో సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు ఒకరు. అదే నెల 29న కేంద్రం టిక్‌టాక్‌తో సహా 59 చైనా యాప్‌లను నిషేధించింది. జనం మనసు అంతగా విరిగిన సంవత్సరం ఈమధ్య కాలంలో మరొకటి లేదు. మిర్చి మాత్రం ఆ 2020-21లోనే దేశం నుంచి సుమారు 6 లక్షల టన్నులు బయటికి వెళ్లింది. విలువ 8,400 కోట్ల రూపాయల పైమాట. అందులో పెద్ద కొనుగోలుదారు చైనాయే.

తేజ కాయని చేతిలోకి తీసుకుంటే దీని కారణం తెలుస్తుంది. సన్నగా, పొట్టిగా ఉంటుంది, ఘాటెక్కువ. ఇక్కడ ఆడకూలీలు ముచ్చికలు తీసి పంపిన కాయ అక్కడ నూనె తీసే ఫ్యాక్టరీకో, హాట్‌పాట్ అనే అక్కడి పులుసు వంటకం మసాలా తయారీకో పోతుంది. పొడై, సాల్వెంట్ అనే రసాయన ద్రావకంలో నాని, ఎర్రటి చిక్కటి రసంగా బయటికొచ్చాక దాని మీద గుంటూరు పేరుండదు, ఇండియా పేరుండదు. తినేవాడికి తెలియని దేశం మీద తినేవాడు కోపం ఎలా చూపిస్తాడు? తేజ ధరను దించేవి వేరే ఉన్నాయి: షిన్‌జియాంగ్, హెనాన్‌లలో వాళ్ల సొంత పంట బాగా పండటం, ఇక్కడి కోల్డ్ స్టోరేజీల్లో పాత నిల్వ మిగలటం, డాలరు రేటు.

యాపిల్ సంగతి అలా కాదు. 2025 మేలో తుర్కియే పాకిస్తాన్ వైపు మాట్లాడిందని పుణె వ్యాపారులు అక్కడి యాపిల్స్ ఆపేశారు. పండు ఏ దేశానిదో అమ్మేవాడికీ కొనేవాడికీ తెలుసు, పక్క బుట్టలో హిమాచల్ పండు సిద్ధంగా ఉంది. ఖర్చు లేని కోపం అలాంటి చోట బాగా పనిచేస్తుంది. విహారయాత్రల బుకింగులదీ అదే దారి. ప్రత్యామ్నాయం లేని సరుకు దగ్గరికొచ్చేసరికి కోపం నోటి దగ్గరే ఆగిపోతుంది. టీ కొట్టు వ్యాపారి జేబులో ఫోన్ ఏ కంపెనీదో నేను అడగలేదు.

జనం కోపం యార్డుదాకా రావాలంటే సర్కారు గేటు దాటి రావాలి. బంగ్లాదేశ్‌లో 2024 మొదట్లో 'ఇండియా ఔట్' అని నినాదాలు నడిచినా సరుకు ఆగలేదు. 2025 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వం మన నూలును భూమార్గం గేట్ల దగ్గర ఆపింది. నెల తిరగగానే మనవాళ్లు వాళ్ల రెడీమేడ్ బట్టలకు అదే పని చేశారు. లారీలో పోయే నూలు ఓడెక్కి చిట్టగాంగ్ పోవాల్సి వచ్చింది. గుంటూరు చుట్టుపక్కల స్పిన్నింగ్ మిల్లులకు అర్థమైన భాష అది. చైనా విషయంలో దీనికి లెక్క కట్టినవాళ్లూ ఉన్నారు. దలైలామాను ఏ దేశాధినేత కలిసినా ఆ దేశం నుంచి చైనాకు ఎగుమతులు తగ్గేవనీ, రెండేళ్లలో మళ్లీ మామూలయ్యేవనీ ఫుక్స్, క్లాన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2013లో చూపించారు. అది హు జింటావో చైనా అధ్యక్షుడిగా ఉన్న కాలం ముచ్చట. 

ఇక మధ్యాహ్నం చూసిన పని, సరుకు నాణ్యత పరీక్ష. నాకైతే రాజకీయాల కోపం కంటే అందులో సరుకు ఓడిపోతుందన్న భయమే ఎక్కువ.

కాయ కొనేవాడికి కళ్లు చాలు. టిక్కీ కోస్తాడు, గుప్పెడు తీస్తాడు, విరిచి గింజ చూస్తాడు, రంగు చూస్తాడు, తాలు, అంటే రంగు పోయి పాడైన కాయ, ఎంతుందో లెక్కేస్తాడు. పొడి కొనేవాడికి కళ్లు పనికిరావు, అమ్మేవాడి మాట నమ్మాలి. దేశాల మధ్య నమ్మకం తక్కువైతే వ్యాపారం తగ్గుతుందనీ, నమ్మి కొనాల్సిన సరుకుల్లో ఆ తగ్గుదల ఇంకా ఎక్కువనీ గ్వీజో, సపియెంజా, జింగాలెస్ 2009లో యూరప్ లెక్కలతో రాశారు. మనకు ఆ పాఠం అంతకుముందే అయింది. 2003లో యూరప్‌లో మిరప్పొడిలో సూడాన్ అనే, తిండిలో కలపకూడని రసాయన రంగు దొరికింది. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఒక సాస్‌లో అదే రంగు బయటపడి నాలుగు వందలకు పైగా ఆహార పదార్థాలను అంగళ్ల నుంచి వెనక్కి తీశారు. ఆ పొడి వెళ్లింది మన దేశం నుంచే. రంగు కలిపింది ఎవరో ఒకరు, పరీక్షల ఖర్చు మాత్రం నిజాయితీగా అమ్మేవాళ్లందరి నెత్తిన పడింది.

ఇప్పటి తలనొప్పి అఫ్లాటాక్సిన్, అంటే బూజు వల్ల పుట్టే విషం. యూరప్ హద్దు కిలోకి బి1 రకం 5 మైక్రోగ్రాములు, అన్నీ కలిపి 10. తప్పు కల్లంలోనే మొదలవుతుంది. వట్టి నేల మీద ఆరబోసి, రాత్రి పట్టా కప్పకపోతే మంచు దిగుతుంది. తేమ 10, 11 శాతానికి దిగకముందే బస్తాల్లో తొక్కేస్తారు. పైగా బస్తాకెత్తేటప్పుడు కాయ విరగకూడదని, కాస్త తూకం కూడా వస్తుందని నీళ్లు చల్లుతారు. ఆ తడి బస్తా మధ్యలో ఉండిపోయి బూజు పడుతుంది. అది బస్తా అంతా సమంగా ఉండదు, పది కాయలు బాగుండి పదకొండోదాంట్లో ఉంటుంది. అందుకే పై గుప్పెడు పరీక్షకు పంపితే నెగ్గుతుంది, అదే సరుకు అవతలి రేవులో ఓడిపోతుంది. బస్తా బస్తా నుంచి, పైనా మధ్యా అడుగునా తీసి, మొత్తం పొడి కొట్టించి, బాగా కలిపాకే నమూనా తీయాలి. రేవులో ఆగిన కంటెయినర్‌కు రోజువారీ అద్దె నడుస్తూనే ఉంటుంది.

సాయంత్రం ముచ్చికలు తీసే షెడ్డులో ఒక పెద్దావిడ ఎర్రగా నిగనిగలాడే కాయని విరిచింది. లోపల గింజల చుట్టూ బూడిదరంగు నూగు. "పైకేం తెలవదయ్యా, బరువును బట్టి పట్టేత్తాం" అని తాలు కుప్పలోకి విసిరేసింది. మేస్త్రీ ఆ టిక్కీని మళ్లీ నేలమీద గుమ్మరించమన్నాడు.