పదమూడు ఏడైన రోజు

నిన్న రాత్రి తొమ్మిదీ నలభైకి నేషన్‌స్టేట్స్ అనే ఆన్‌లైన్ ఆటలో మా రీజియన్ మాకు తిరిగొచ్చింది. ఆ టెన్షన్‌కి రాత్రంతా నిద్ర పట్టలేదు. అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

నేషన్‌స్టేట్స్ 2002 నుంచి నడుస్తున్న ఆట. మనిషికో దేశం, కొన్ని దేశాలు కలిస్తే రీజియన్. దేశం పెట్టడం ఐదు నిమిషాల పని. ఆటలో ఐక్యరాజ్యసమితి లాంటి వరల్డ్ అసెంబ్లీలో చేరడమూ తేలికే, కాకపోతే ఒక మనిషి ఒక్క దేశంతోనే చేరాలి. రీజియన్‌లోని ఆ సభ్యులు ఒకరికొకరు ఎండార్స్‌మెంట్లు, అంటే మద్దతు, ఇచ్చుకుంటారు. ఎవరికి ఎక్కువ ఉంటే వాళ్ళు డెలిగేట్. మా రీజియన్ పెట్టినాయన 28 రోజులు లాగిన్ కాకపోవడంతో ఆయన దేశం రద్దయింది. అప్పటి నుంచి తాళాలన్నీ డెలిగేట్ చేతిలోనే.

మేం పద్నాలుగు మందిమి, రెండు పార్టీలు. విజయవాడ వాళ్ళం ఎనిమిది మంది, గుంటూరు వాళ్ళు ఆరుగురు. వాళ్ళ నాయకుడు బ్రాడీపేటలో ఉండే రిటైర్డ్ మాస్టారు. ఏడాదిగా డెలిగేట్‌ని నేనే, పదమూడు ఎండార్స్‌మెంట్లతో. ఒక్కొక్కరినీ అడిగి సంపాదించుకున్నాను, ఆ గర్వం నాకుంది. మేం సొంతంగా నడుపుకునే పార్లమెంట్‌లో మాస్టారు స్పీకర్ పదవి అడిగారు. "ఆరుగురికి స్పీకర్ దేనికి?" అని అందరి ముందూ అనేశాను. ఆ రాత్రే ఆరుగురూ ఎండార్స్‌మెంట్లు వెనక్కి తీసుకున్నారు. ఏడు చాలులే అనుకున్నాను.

ఇలా బలహీనపడిన రీజియన్ల కోసమే రైడర్లు, అంటే గుంపుగా వచ్చి ఇతరుల రీజియన్లు లాక్కునే ఆటగాళ్ళు, కాచుకుని ఉంటారు. డెలిగేట్ మారేది రోజుకి రెండుసార్లు వచ్చే అప్‌డేట్‌లోనే. ఈ ఎండాకాలంలో అది మనకి పొద్దున తొమ్మిదిన్నరకి, మళ్ళీ రాత్రి తొమ్మిదిన్నరకి మొదలవుతుంది. మొన్న పొద్దున గవర్నర్‌పేటలో నేను షాపు షట్టర్ తీస్తుండగా పది దేశాలు ఒక్కసారిగా లోపలికొచ్చాయి. తొమ్మిది ఎండార్స్‌మెంట్లు ఒకడికే పడ్డాయి. నేను ఫోన్ చూసేసరికి మా జెండా లేదు. మూడు నెలలు కూర్చుని తెలుగులో రాసుకున్న రీజియన్ పరిచయం లేదు. దాని చోట ఇంగ్లీషులో వాళ్ళ గుంపు పేరు. కొత్తగా చేరిన మా పిల్లలిద్దరిని బయటికి గెంటేశారు. ఎదురుగా నిలబడ్డ కస్టమర్ ఏం అడుగుతున్నాడో నాకు వినపడలేదు.

రైడింగ్ ఆట నియమాలకి విరుద్ధం కాదంటారు. కాకపోవచ్చు. ఇంకొకరు కష్టపడి రాసుకున్నది చెరిపేసి సంబరపడేవాళ్ళని మాత్రం నేను గౌరవించలేను.

మాస్టారికి ఫోన్ చేయాలంటే సాయంత్రం దాకా చెయ్యి రాలేదు. అందరి ముందూ ఆయన్ని అన్న మాటే చెవిలో తిరుగుతోంది. చివరికి చేస్తే, నేను నోరు తెరవకముందే, "చూశాను నాయనా. రేపు మంగళగిరి రా, మాట్లాడదాం" అన్నారు.

మంగళగిరిలో టీ తాగుతూ ఆయన కోస్తా, రాయలసీమ నాయకులు 1937లో చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక గురించి చెప్పారు. రాజధాని ఒక ప్రాంతానికి, హైకోర్టు ఇంకో ప్రాంతానికి అన్న మాట అందులోదేనట. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు కర్నూలు రాజధాని అయింది, హైకోర్టు గుంటూరుకి దక్కింది. "డెలిగేట్ మాకు, స్పీకర్ మీకు" అన్నారు. ఏడాది కూర్చున్న కుర్చీ అది. గొంతులో ఏదో అడ్డుపడ్డట్టయింది. "సరే మాస్టారూ" అన్నాను.

రైడర్లకి మా దగ్గర ఇన్‌ఫ్లుయెన్స్, అంటే రీజియన్‌లో ఉండగా ఉండగా పెరిగే పలుకుబడి, లేదు కాబట్టి పాతవాళ్ళని గెంటడం వాళ్ళ వల్ల కాదు. కానీ ముందే పసిగడితే ఇంకొందరిని పిలిపించుకుంటారు. అందుకని తొమ్మిదీ ఇరవై దాకా ఎవరూ ఏమీ ముట్టుకోలేదు. మిగిలిన పన్నెండు మందిలో మాస్టారికి పదకొండు రావాలి. మా పార్టీవాడే ఒకడు సినిమాలో కూర్చుని ఫోన్ ఎత్తలేదు. గుంటూరు వాళ్ళు ఒక్కరు కూడా తప్పలేదు. పది వచ్చాయి, వాళ్ళకి తొమ్మిది. వాడిని ఇంకా క్షమించలేదు.

మీ రీజియన్‌కి స్థాపకుడు లేకపోతే ఎదుటి పార్టీ అడిగిన పదవి ఇచ్చేయండి. పరిచయం కాపీ ఒకటి మీ దగ్గర దాచుకోండి. మాది దొరికింది మాస్టారి దగ్గరే. ఆయన ప్రింట్ తీసి పెట్టుకున్నారు.

ఈ ఆదివారం ఆయన పార్లమెంట్‌లో పన్నుల బిల్లు పెడుతున్నారు. మేం ఎనిమిది మందిమీ వ్యతిరేకంగా ఓటేస్తాం. ఆ సంగతి పొద్దున ఫోన్ చేసి ఆయనకే చెప్పాను.